కార్మికుల జీతాలు – వి.వి. గిరిగారి రాజీనామా

ప్రతి ఏటా మన సావనీరులో ఒక ప్రముఖుని జీవితం గూర్చి వ్రాయడం ఆనవాయితీ. ఈసారి వరాహగిరి వేంకటగిరిగారిని గూర్చి వ్రాస్తానంటే ఒకరిద్దరు మిత్రులు, ఆయన గూర్చి కొత్తగా వ్రాయడానికి ఏముంది మాస్టర్ సాబ్ అన్నారు. నిజమే, ఆయన దేశానికి నాలుగో రాష్ట్రపతి అన్న సంగతి మన పిల్లలు జనరల్ నాలెడ్జి పుస్తకంలో చదివి, ఒక మార్కు కోసం బట్టీపట్టి మరచిపోతారు. నేను చెప్పదలచింది ఆ గిరిగారి గూర్చి కాదు. 1954లో కేంద్ర కార్మిక మంత్రిగా ఉంటూ, బ్యాంకు గుమాస్తాల జీతాల విషయమై మంత్రి పదవి వదిలి ఇంటికి వెళ్ళిపోయిన గిరిగారి గూర్చి. నెల మొదటి తారీఖు కోసం ఎదురుచూసే ప్రతి ఇంటికీ ఈ కథతో పని ఉంది. మన సొసైటీలో అలాంటి ఇళ్ళే ఎక్కువ.

గిరిగారు 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది గాని అప్పట్లో మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. తండ్రి జోగయ్య పంతులుగారు పేరున్న వకీలు. కొడుకును కూడా వకీలును చేద్దామని 1913లో ఐర్లండు దేశంలోని డబ్లిన్ నగరానికి చదువుకు పంపారు. కొడుకు నేర్చుకున్నది మాత్రం లా ఒక్కటే కాదు.

ఆయన డబ్లిన్ చేరిన ఏడాదే అక్కడ పెద్ద లాకౌటు జరిగింది. కార్మిక సంఘంలో చేరబోమని కాగితం మీద సంతకం పెడితేనే పని ఇస్తామని యజమానులంతా ఒక్కటయ్యారు. ఇరవై వేల మంది దాకా కార్మికులు నెలల తరబడి పనిలేక పస్తులున్నారు. చివరికి ఆకలే గెలిచింది. చాలామంది తలవంచుకుని పనిలోకి తిరిగి వెళ్ళారు. ఆ కార్మికుల నాయకుల్లో ఒకరైన జేమ్స్ కానలీ 1916లో ఇంగ్లీషు ప్రభుత్వం మీద జరిగిన ఐరిష్ తిరుగుబాటులో పాల్గొన్నందుకు కాల్చివేయబడ్డారు. ఐరిష్ స్వాతంత్ర్యవాదులతో స్నేహం ఉందన్న అనుమానం గిరిగారి మీద కూడా పడింది. దేశం విడిచి పొమ్మని ఉత్తరువు వచ్చింది. అలా 1916లో ఇరవై రెండేళ్ళ వయసులో తిరిగి వచ్చారు. ఆకలితో ఉన్నవాడు ఎంతకాలం బేరమాడగలడు అన్న ప్రశ్న ఆయనకు అక్కడే మొదలై ఉంటుందని నా ఊహ.

ఇక్కడికి వచ్చాక వకీలు పని కొంతకాలం చేశారు, కాంగ్రెసు ఉద్యమంలో దిగారు, జైలుకు వెళ్ళారు. ఇవన్నీ ఆ తరం నాయకుల జీవితాల్లో మామూలే కాబట్టి వాటి దగ్గర ఆగను. ఆయన ప్రత్యేకత రైల్వే కార్మికులతో ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే అప్పట్లో ఒక కంపెనీ చేతిలో ఉండేది. దాని పెద్ద వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లో ఉండేది. వాల్తేరు, బరంపురం మీదుగా వెళ్ళే లైను వాళ్ళదే. అందుచేత మన తెలుగువాళ్ళు వందల సంఖ్యలో ఆ వర్క్‌షాపులో పని చేసేవారు. 1920ల చివర్లో కంపెనీ పెద్ద ఎత్తున కార్మికులను తీసివేయబోతే జరిగిన సమ్మెకు నాయకత్వం వహించిన వారిలో గిరిగారు ముఖ్యులు. అఖిల భారత రైల్వే ఉద్యోగుల ఫెడరేషన్ స్థాపించిన వారిలో ఒకరు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు.

1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. ఆ ఏడు మహాసభ చర్చించిన అంశాల్లో ఒకటి కనీస వేతనాలు నిర్ణయించే యంత్రాంగం. బేరమాడే శక్తిలేని పరిశ్రమల్లో, కూలి మరీ తక్కువగా ఉన్నచోట, ప్రభుత్వమే ఒక పద్ధతి పెట్టి అంతకంటే తక్కువ ఇవ్వరాదని గీత గీయాలన్నది దాని సారాంశం. మరుసటి ఏడు, అంటే 1928లో, అది అంతర్జాతీయ ఒడంబడిక అయింది. మన దేశంలో అలాంటి చట్టం రావడానికి ఇంకా ఇరవై ఏళ్ళు పట్టింది. కనీస వేతనాల బిల్లును 1946లో, డాక్టర్ అంబేద్కర్ వైస్రాయి కౌన్సిలులో కార్మిక శాఖ చూస్తుండగా ప్రవేశపెట్టారు. 1948లో అది చట్టమైంది. గిరిగారు అప్పుడు సిలోనులో భారత హైకమిషనరు. కనుక ఆ చట్టం ఘనత ఆయన ఖాతాలో వేయడం సరికాదు.

ఆ చట్టంలో ఏముందో రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే అది మన ఇళ్ళలోకి వచ్చిన చట్టం. చట్టం చివర ఒక పట్టిక ఉండేది. పట్టికలో ఏ పని పేరు ఉంటే ఆ పనికి ప్రభుత్వం కనీస కూలి నిర్ణయించాలి. బీడీలు చుట్టే పని, బియ్యం మిల్లు, నూనె మిల్లు, తోళ్ళ పని, రాళ్ళు కొట్టే పని, ఇళ్ళ కట్టడం, మోటారు రవాణా, వ్యవసాయం, ఇవన్నీ మొదటి నుంచీ అందులో ఉన్నాయి. ఆ పట్టిక చదువుతుంటే మన మొహల్లా మస్టర్ రోలు చదివినట్టే ఉంటుంది. యజమానుల ప్రతినిధులు, కార్మికుల ప్రతినిధులు సమానంగా, మధ్యలో ఇద్దరికీ చెందని వారు కొందరు ఉండే కమిటీ వేసి రేట్లు నిర్ణయించవచ్చు. లేదా ప్రభుత్వమే ముందుగా గెజెట్‌లో ప్రకటించి, అభ్యంతరాలు విని, ఖాయం చేయవచ్చు. ఐదేళ్ళు మించకుండా మళ్ళీ చూడాలి. మంచి చట్టమే. ఆ ఐదేళ్ళు ఎన్నిసార్లు పదేళ్ళయ్యాయో వేరే సంగతి. 2019లో వచ్చిన వేతనాల కోడ్ ఈ చట్టాన్ని తనలో కలుపుకుంది గాని, గీత గీసే పని ప్రభుత్వానిదే అన్న మూలసూత్రం మారలేదు.

గిరిగారి విషయానికి వద్దాం. 1937 ఎన్నికల్లో ఆయన బొబ్బిలిలో సాక్షాత్తు బొబ్బిలి రాజావారి మీద నిలబడి గెలిచారు. రాజావారు అంతకుముందే మద్రాసు రాజధానికి ప్రధానిగా పనిచేసిన మనిషి. రాజాజీ మంత్రివర్గంలో గిరిగారు కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. తిరిగి 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలోనూ కార్మిక శాఖే. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై నెహ్రూగారి మంత్రివర్గంలో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. ఎక్కడికి వెళ్ళినా ఆ శాఖే ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది.

కేంద్రంలో ఆయన పెట్టిన వాదం కొంత విచిత్రంగా కనిపిస్తుంది. జీతాల తగాదా వస్తే ప్రభుత్వం దాన్ని ట్రిబ్యునల్‌కు పంపడం, ట్రిబ్యునల్ తీర్పు ఇద్దరి మీదా రుద్దడం అప్పటి పద్ధతి. ఈ పద్ధతి కార్మికుడికి మేలు చేయదని, యజమాని, యూనియన్ బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలని, అప్పుడే యూనియన్ బలపడుతుందని ఆయన నమ్మకం. దీనికే గిరి విధానం అని పేరు. 1952లో నైనిటాల్‌లో జరిగిన కార్మిక మహాసభలో ఈ మాట గట్టిగా పెట్టారు. యజమానులకు నచ్చలేదు, అది ఊహించదగ్గదే. యూనియన్లకు కూడా నచ్చకపోవడం తమాషా. మా బలం ఎంత, మమ్మల్ని యజమాని ముందు ఒంటరిగా వదిలేస్తారా అన్నది వారి భయం. ఆ భయం అబద్ధమనీ అనలేం. మొత్తం మీద గిరి విధానం కాగితాల్లోనే ఉండిపోయింది.

ఈ లోపల బ్యాంకుల తగాదా మంత్రిగారి బల్లమీదికి వచ్చింది. దాని వెనక కథ పొడుగుది. అప్పట్లో బ్యాంకులన్నీ ప్రైవేటువి. ఒకే వీధిలో రెండు బ్యాంకులుంటే, ఒకే రకం లెడ్జరు వ్రాసే ఇద్దరు గుమాస్తాలకు జీతం వేరువేరు. స్కేలు అనేది కొన్నిచోట్ల ఉంది, కొన్నిచోట్ల మేనేజరుగారి దయ. 1946లో బ్యాంకు ఉద్యోగులు కలకత్తాలో అఖిల భారత సంఘం పెట్టుకున్నారు. దేశమంతటికీ ఒక పద్ధతి ప్రకారం స్కేళ్ళు కావాలని అడిగారు. 1949లో ప్రభుత్వం ట్రిబ్యునల్ వేసింది. 1950లో తీర్పు వచ్చింది. 1951లో సుప్రీం కోర్టు ఆ తీర్పు చెల్లదంది. తప్పు జీతాల లెక్కలో కాదు, ట్రిబ్యునల్ సభ్యులు కూర్చున్న పద్ధతిలో ఉందట. గుమాస్తాలు మళ్ళీ మొదటికి వచ్చారు.

1952లో శాస్త్రిగారి అధ్యక్షతన ఇంకో ట్రిబ్యునల్ వేశారు. 1953లో తీర్పు ఇచ్చింది. దాని పద్ధతి తెలుసుకోదగ్గది. బ్యాంకు చేతిలో ఉన్న నిధులను బట్టి బ్యాంకులను నాలుగు తరగతులు చేశారు. బ్రాంచి ఉన్న ఊరిని బట్టి ప్రాంతాలను మూడు చేశారు. బొంబాయి, కలకత్తా లాంటి మహానగరాలకు ఒక రేటు, ఒక మాదిరి పట్టణాలకు ఒకటి, మిగతా ఊళ్ళకు ఒకటి. గుమాస్తాకు, బంట్రోతుకు వేర్వేరు స్కేళ్ళు. ఏటేటా ఇంక్రిమెంటు, పైన కరువు భత్యం. ఈ తీర్పు మీద బ్యాంకులు, ఉద్యోగులు ఇద్దరూ అప్పీలుకు వెళ్ళారు. 1954 ఏప్రిల్‌లో అప్పీలు ట్రిబ్యునల్ తేల్చి చెప్పింది. ఐదేళ్ళు పట్టిన పని పూర్తయిందని అందరూ అనుకున్నారు.

ఇక్కడే అసలు సంగతి. ఆ అప్పీలు ట్రిబ్యునల్ చట్టంలో ఒక సెక్షన్ ఉంది. తీర్పు దేశ ప్రయోజనాలకు నష్టమని తోస్తే ప్రభుత్వం దాన్ని మార్చవచ్చు. 1954 ఆగస్టులో ప్రభుత్వం ఆ సెక్షన్ తీసింది. మూడు ప్రాంతాలకు తోడు నాలుగో ప్రాంతం ఒకటి సృష్టించింది. చిన్న ఊళ్ళన్నీ అందులో వేసి, అక్కడి గుమాస్తాల జీతం ఇంకా దించింది. అంటే కోత పడింది బొంబాయి గుమాస్తాకు కాదు, చిన్న ఊరి గుమాస్తాకు.

ప్రభుత్వం వైపు కూడా ఒక మాట ఉంది, న్యాయానికి అది చెప్పాలి. ఆర్థిక మంత్రిగా చింతామణ్ దేశ్‌ముఖ్ ఉన్నారు. రిజర్వు బ్యాంకు గవర్నరుగా పనిచేసిన మనిషి, మంచి పండితుడు. చిన్న బ్యాంకులు ఈ భారం మోయలేవు, పల్లెల్లో బ్రాంచీలు మూసేస్తారు, అసలు బ్యాంకింగే పల్లెకు చేరదు అన్నది ప్రభుత్వ వాదన. అంతకు కొన్నేళ్ళ ముందు దేశంలో ఎన్నో బ్యాంకులు మూతబడి జనం డిపాజిట్లు మునిగిన మాట వాస్తవం. బ్రాంచే లేకుంటే గుమాస్తా ఎక్కడుంటాడు అంటే జవాబు చెప్పడం కష్టం. కాని నేను చిన్న ఊళ్ళో సంసారం చేసినవాణ్ణి. ఇంటి అద్దె తక్కువే, ఒప్పుకుంటాను. బియ్యం, నూనె, గుడ్డ, పిల్లల పుస్తకం ఊరు చూసి ధర తగ్గించుకోవు. జబ్బు చేస్తే బస్సు కిరాయి అదనం. ఐదేళ్ళపాటు జడ్జీలు ఇవన్నీ విని, చిన్న ఊళ్ళకు తక్కువ రేటు ముందే పెట్టారు కదా. దాని మీద మళ్ళీ కోత దేనికి?

గిరిగారికి ఆ తీర్పు పద్ధతే నచ్చదని పైన వ్రాశాను. అయినా ఆయన నిలబడింది ఆ తీర్పు పక్షానే. ఇందులో వైరుధ్యం ఉందని కొందరంటారు. నాకు కనపడదు. సమ్మె చేయకండి, ట్రిబ్యునల్ దగ్గరికి పోండి, దాని మాటకు కట్టుబడండి అని కార్మికుడికి చెప్పింది ప్రభుత్వమే. కార్మికుడు విన్నాడు. తీరా మాట కార్మికుడి పక్షాన కొంచెం మొగ్గితే ప్రభుత్వమే దాన్ని దిద్దితే, రేపు ఏ ముఖంతో ఇంకో కార్మికుణ్ణి ట్రిబ్యునల్‌కు పొమ్మంటాం? కార్మిక శాఖ ఒప్పుకోని మార్పును మంత్రివర్గం ఒప్పుకుంది. ఆ కాగితం కింద ఉండడానికి కార్మిక మంత్రికి మనసొప్పలేదు. రాజీనామా ఇచ్చి బయటికి వచ్చారు. ఆయన స్థానంలో ఖండూభాయి దేశాయిగారు వచ్చారు.

అరవై ఏళ్ళ మనిషి, పద్నాలుగురు బిడ్డల తండ్రి. పదవి పోతే బంగళా, కారు పోతాయన్నది ఒక లెక్క. పార్టీలో పెద్దల దృష్టిలో పడిపోవడం ఇంకో లెక్క.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పక తప్పదు. నేను గవర్నమెంటు ఉద్యోగంలోకి రాకముందు ఒక ప్రైవేటు బడిలో పనిచేశాను. నెలాఖరున అక్కౌంటు పుస్తకంలో ఒక అంకె ఎదుట సంతకం పెట్టేవాణ్ణి, చేతిలో ఇంకో అంకె పడేది. పుస్తకంలోని అంకె ప్రభుత్వం స్కేలు. చేతిలోది మేనేజ్‌మెంటు స్కేలు. సంతకం పెట్టనంటే మర్నాడు నా కుర్చీలో ఇంకొకరు కూర్చునేవారు. పెట్టాను. మూడేళ్ళు పెట్టాను. మన సభ్యుల ఇళ్ళలో బీడీలు చుట్టే ఆడవాళ్ళకు ఈ లెక్క నాకంటే బాగా తెలుసు. వెయ్యి బీడీలకు రేటు గెజెట్‌లో ఉంటుంది. బాగాలేవని గుప్పెడు బీడీలు పక్కన పడేసి, తునికాకు తక్కువ తూచి ఇచ్చి, గెజెట్ రేటును ఇంటికొచ్చేలోపల ఎలా కరిగించవచ్చో కమీషన్‌దారుకు తెలుసు. రేటు వ్రాయడం ఒక పని, ఆ రేటు చేతికి చేరడం ఇంకో పని. గిరిగారి తగాదా ఈ రెండోదాని మీదే, కాకపోతే అక్కడ మధ్యలో నిలబడ్డది కమీషన్‌దారు కాదు, ప్రభుత్వం.

రాజీనామా ఊరికే పోలేదు. దేశమంతా బ్యాంకు ఉద్యోగుల్లో కలకలం లేచింది. ప్రభుత్వం విషయమంతా మళ్ళీ విచారించమని ఒక కమిషన్ వేసింది. జస్టిస్ గజేంద్రగడ్కర్ 1955లో రిపోర్టు ఇచ్చారు. కోసిన దానిలో చాలా భాగం తిరిగి ఇవ్వమన్నారు. ప్రభుత్వం ఒప్పుకుని అదే ఏడు చట్టం కూడా చేసింది. చిన్న ఊరి గుమాస్తాకు ఏడాది ఆలస్యంగా న్యాయం జరిగింది. గిరిగారికి మంత్రి పదవి తిరిగి రాలేదు. 1957 ఎన్నికల్లో పార్వతీపురంలో ఓడిపోయారు. సుప్రీం కోర్టు దాకా వెళ్ళినా ఫలితం మారలేదు. ఆ ఏడే కార్మిక ఆర్థికశాస్త్రం కోసం ఒక సంఘం స్థాపించి పండితులను చేరదీశారు. తర్వాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరుగా వరుసగా పనిచేశారు.

ఆయన కోరిన బల్ల మాత్రం బ్యాంకుల్లోనే పడింది. 1966 అక్టోబరులో బ్యాంకుల సంఘం, ఉద్యోగుల సంఘం ట్రిబ్యునల్ లేకుండా ఎదురెదురుగా కూర్చుని జీతాల మీద మొదటి ద్వైపాక్షిక ఒప్పందం చేసుకున్నాయి. అప్పటి నుంచి బ్యాంకు గుమాస్తాల స్కేళ్ళు అలాగే తేలుతున్నాయి. పన్నెండో ఒప్పందం 2024 మార్చిలో జరిగింది. బీడీ చుట్టే అమ్మకు అలాంటి బల్ల లేదు. ఆమె యజమాని ఎవరో, బ్రాండు ఎవరిదో కూడా ఆమెకు సరిగా తెలియదు. ఆమెకు ఉన్నది గెజెట్ ఒక్కటే. గిరి విధానం ఆమె గడప దాకా రాలేదనే నా అభిప్రాయం.

1967లో హైదరాబాదులో పుట్టిన జాకిర్ హుస్సేన్‌గారు రాష్ట్రపతి, గిరిగారు ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న జాకిర్ సాహెబ్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. గిరిగారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలై 19న పద్నాలుగు పెద్ద బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సు ఆయన సంతకంతోనే వెలువడింది. బ్యాంకు జీతాల కోసం ఒకప్పుడు కుర్చీ దిగిన మనిషి, ఆ కుర్చీలో ఉండగా చేసిన ఆఖరి పనుల్లో అదొకటి. మర్నాడే ఎన్నికలో పోటీ చేయడానికి రాజీనామా ఇచ్చారు. సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లాగారు నెలరోజులపైన రాష్ట్రపతి పనులు చూశారు. గిరిగారికి పోటీగా నిలబడ్డ వారిలో కాంగ్రెసు తరఫున నీలం సంజీవరెడ్డిగారు ఉన్నారు. మూడో ప్రధాన అభ్యర్థి ఎవరనుకున్నారు? 1954లో ఆర్థిక మంత్రిగా ఉన్న ఆ దేశ్‌ముఖ్‌గారే. మొదటి ఓట్లతో ఎవరికీ సగం రాలేదు. రెండో ప్రాధాన్యం ఓట్లు కూడా లెక్కపెట్టాక గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 వచ్చాయి. స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి ఆగస్టు 24న ప్రమాణం చేశారు.

ఇంత చెప్పాక ఇంకొక్కటి దాచడం భావ్యం కాదు. 1974 మే 8న దేశమంతా రైల్వే సమ్మె మొదలైంది. జీతాలు, బోనసు, పని గంటలు వారి కోరికలు. నడిపింది ప్రధానంగా ఏ ఫెడరేషన్? గిరిగారు యౌవనంలో పదిమందితో కలిసి కట్టిన ఫెడరేషనే. వేలమందిని జైల్లో పెట్టారు, వేలమందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు, క్వార్టర్ల నుంచి కుటుంబాలను వెళ్ళగొట్టారు. మే నెలాఖరుకు సమ్మె విరిగిపోయింది. ఆ రోజుల్లో ప్రభుత్వమంతా ఎవరి పేరు మీద నడిచిందో ఆ రాష్ట్రపతి గిరిగారు. రాష్ట్రపతి మంత్రివర్గం సలహా మీద నడవవలసిన మనిషి, చేతులు కట్టేసి ఉంటాయి అని సమాధానం చెప్పుకోవచ్చు. 1954లో మంత్రివర్గంలో ఒకరుగా ఉన్నప్పుడు కూడా చేతులు కట్టే ఉన్నాయి. అప్పుడు లేచి బయటికి నడిచారు. ఈసారి పదవీకాలం ఇంకో మూడు నెలలు ఉంది, పూర్తి చేశారు. ఎనభై ఏళ్ళ మనిషిని దీనికోసం నిలదీయాలా అంటే నాకూ మనసు రాదు. కాని ఖరగ్‌పూర్ లైనులో ఉద్యోగం పోగొట్టుకున్న కార్మికుడి తండ్రి ఒకప్పుడు గిరిగారి వెంట సమ్మె చేసినవాడై ఉంటే, ఆ ఇంట్లో ఏమనుకుని ఉంటారో అన్న ఆలోచన మాత్రం వస్తుంది.

1975లో భారతరత్న ఇచ్చారు. 1980 జూన్‌లో మద్రాసులో మరణించారు. నోయిడాలో ఉన్న జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. కార్మిక శాఖ అధికారులు శిక్షణకు అక్కడికి వెళుతుంటారు. గెజెట్‌లో వ్రాసిన రేటు, రిజిస్టరులో పెట్టిన సంతకం, చేతికిచ్చిన నోట్లు ఒకదానితో ఒకటి సరిపోయాయా అని చూడవలసిన పని వాళ్ళదే.